కూలగొట్టి కొత్తది కట్టేస్తే సరిపోయేది కదా: డెట్రాయిట్ డౌన్‌టౌన్ గురించి మీ నాన్నగారి ప్రశ్నకి నా జవాబు

మీరడిగింది ఇదీ: వేసవికి వచ్చిన అమ్మానాన్నల్ని శివారు ఊరు నోవై నుంచి డెట్రాయిట్ తీసుకెళ్లి, బాగుచేసి మళ్లీ తెరిచిన పాత రైల్వే స్టేషన్ మిషిగన్ సెంట్రల్ చూపించారు. ఆర్ అండ్ బీలో డీఈగా రిటైరైన నాన్నగారు హాలంతా తిరిగి చూసి, బయటికొచ్చాక, "బావుంది. కానీ ఇంత డబ్బు పోసి పాతదాన్ని బాగుచెయ్యడమెందుకు? కూలగొట్టి కొత్తది కట్టేస్తే సగంలో అయ్యేది కదా" అన్నారు. మీ దగ్గర జవాబు లేకపోయింది. దాంతో పాటు, ఇలాంటిది మన అబిడ్స్‌లోనో కోఠీలోనో జరుగుతుందా అని కూడా అడిగారు.

నేను మిషిగన్‌లో పాతికేళ్లుగా స్ట్రక్చరల్ ఇంజినీర్ని. అందులో ఎక్కువ భాగం పాత భవనాల మరమ్మతుల మీదే గడిచింది. నాన్నగారి ప్రశ్న అమాయకపు ప్రశ్న కాదు. ఈ ఊరు ఆ ప్రశ్నకి "అవును, కూలగొడదాం" అని జవాబిచ్చిన రోజులున్నాయి. ముందు ఆ కథ చెబుతాను.

ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద హడ్సన్స్ అని పెద్ద బట్టల కొట్టు ఉండేది. కొట్టంటే మన చందన బ్రదర్స్ లాంటిది అనుకోకండి. పాతికంతస్తుల భవనం, డెట్రాయిట్ వాళ్లకి పండగ బజారు, పెళ్లి బజారు అన్నీ అదే. 1983లో మూతపడింది. పదిహేనేళ్లు ఖాళీగా ఉంచి, 1998 అక్టోబరు 24న పేలుడు మందు పెట్టి కూల్చేశారు. ఆ దెబ్బకి పక్కనే ఉన్న పీపుల్ మూవర్ రైలు పట్టా దెబ్బతిని, దాని పూర్తి సర్వీసు నెలల తరబడి ఆగింది. సరే, కూల్చారు. తర్వాత? ఆ స్థలంలో భూమి లోపల కార్ల పార్కింగు కట్టి, పైన రాబోయే భవనం కోసం స్తంభాలు పైకి వదిలారు. మన ఊళ్లలో రెండో అంతస్తు వేస్తామని స్లాబు మీద కడ్డీలు వదిలి, వాటికి సీసాలు బోర్లిస్తారు చూడండి, అచ్చం అలాగే. కొత్త భవనానికి శంకుస్థాపన ఎప్పుడయిందో తెలుసా? 2017 డిసెంబరులో. పందొమ్మిదేళ్లు ఊరి నడిబొడ్డున ఖాళీ స్థలం.

కూలగొట్టడానికి ఒక ఉదయం చాలు. కొత్తది కట్టాలంటే మాత్రం కట్టిన ఖర్చు తిరిగొచ్చేంత అద్దె ఇచ్చేవాడు కావాలి. అప్పటి డెట్రాయిట్‌లో వాడు లేడు. 1950లో 18.5 లక్షల జనం ఉన్న ఊరు 2020 లెక్కలకి 6.4 లక్షలకి పడిపోయింది. మధ్యలో 2013లో ఊరే దివాలా తీసింది. అమెరికాలో నగరాల దివాలాల్లో అదే పెద్దది. అలాంటి చోట "కూల్చి కొత్తది కడదాం" అంటే ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇంకో మాట. కొత్తది ముందు కడితే ఏమవుతుందో కూడా ఈ ఊరు చూసింది. నది ఒడ్డున గాజు గొట్టాల్లా నిలబడే రెనసాన్స్ సెంటర్ మీరు చూసే ఉంటారు. రెండో హెన్రీ ఫోర్డ్ పట్టుబట్టి తెచ్చింది, 1977లో తెరిచారు. మధ్యలో 73 అంతస్తుల హోటలు, చుట్టూ ఆఫీసు టవర్లు. పేరే పునరుజ్జీవనం. కానీ అది ఊరికి వీపు తిప్పి కూర్చుంది. జెఫర్సన్ అవెన్యూ వైపు పెద్ద కాంక్రీటు గట్టు, దాని వెనక కోటలాంటి కట్టడం. ఒకసారి లోపలికెళ్లినవాడు మళ్లీ వీధిలోకి రావాల్సిన పనే ఉండదు, భోజనం, బజారు అన్నీ లోపలే. పైగా అందులో చేరిన కంపెనీల్లో చాలా వరకు అప్పటిదాకా డౌన్‌టౌన్‌లోని పాత భవనాల్లో ఉన్నవే. అంటే ఈ చేతిలోది ఆ చేతిలోకి మారింది, అంతే. తర్వాత జనరల్ మోటార్స్ 1996లో దాన్ని కొని, ఆ గట్టుని పగలగొట్టించింది. ఇప్పుడు విచిత్రం చూడండి. 2024లో జనరల్ మోటార్స్ తన హెడ్డాఫీసుని హడ్సన్స్ స్థలంలో కట్టిన కొత్త భవనానికి మారుస్తామని ప్రకటించింది, అదే ఏడాది ఆ అయిదు టవర్లలో రెండింటిని కూల్చేద్దామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. 1913 నాటి స్టేషన్ లేచి నిలబడిన ఏడాదే 1977 నాటి టవర్ల కూల్చివేత గురించి మాట్లాడుకున్నాం.

మరి ఊరు ఎలా లేచింది అంటే, నా లెక్కలో వరుస ముఖ్యం. పాతవి ముందు నిండాయి, ఆ తర్వాతే కొత్తవి కట్టడం గిట్టుబాటయింది. 2003లో కంప్యూవేర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ శివార్ల నుంచి డౌన్‌టౌన్‌కి వచ్చింది. మరుసటి ఏడు కాంపస్ మార్షియస్ పార్కు తెరిచారు. 1984లో మూతపడ్డ బుక్ కాడిలాక్ హోటలు 2008లో మళ్లీ తెరుచుకుంది. 2010లో డాన్ గిల్బర్ట్ తన ఇంటి అప్పుల కంపెనీ క్వికెన్ లోన్స్ ఉద్యోగుల్ని డౌన్‌టౌన్‌కి తెచ్చి, చవగ్గా దొరుకుతున్న పాత భవనాల్ని వరసబెట్టి కొనడం మొదలెట్టాడు. 2014 చివర్లో డేవిడ్ విట్నీ భవనం హోటలుగా, అపార్ట్‌మెంట్లుగా తెరుచుకుంది. ఇన్ని జరిగి, వీధిలో సాయంత్రం ఏడింటికి కూడా మనుషులు కనబడడం మొదలయ్యాకే హడ్సన్స్ స్థలంలో గునపం దిగింది. అప్పటికీ ఆ కొత్త భవనానికి నగర కౌన్సిలు 2022లో దాదాపు 6 కోట్ల డాలర్ల పన్ను మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది.

పాతవి ముందు ఎందుకు నిండాయి? సెంటిమెంటు వల్ల అనుకుంటే పొరపాటు. ఇక్కడ నాన్నగారికి నచ్చే లెక్కల భాగం ఉంది.

ఊహాలెక్క వేద్దాం. ఒక పాత భవనాన్ని బాగుచెయ్యడానికి వంద రూపాయలవుతుంది. అయ్యాక వచ్చే అద్దెల్ని బట్టి బ్యాంకువాడు దానికి కట్టే విలువ డెబ్భై. కొత్తది కట్టినా అంతే, ఖర్చు వంద, విలువ డెబ్భై. చచ్చిన డౌన్‌టౌన్లన్నిట్లో ఉండే జబ్బు ఈ ముప్పై రూపాయల లోటే. ఇప్పుడు, భవనం జాతీయ చారిత్రక జాబితాకెక్కి, అద్దె ఆదాయం తెచ్చేదయితే, మరమ్మతుకి పెట్టిన అర్హమైన ఖర్చులో 20 శాతం కేంద్రం పన్నులో తగ్గిస్తుంది. ఇది పన్ను వేసే ఆదాయంలోంచి తీసే మినహాయింపు కాదు, కట్టాల్సిన పన్నులోంచే కోత, దీన్నే టాక్స్ క్రెడిట్ అంటారు. కొత్త భవనానికి ఈ సదుపాయం లేదు. ముప్పై లోటులో సింహభాగం అక్కడే పూడింది. మిగతాది రాష్ట్రం ఇచ్చేది, నగరం ఇచ్చేది, చవక వడ్డీ అప్పు, ఇలా అతుకులేసి పూడుస్తారు. ఈ అతుకుల బొంత కుట్టడానికే ఒక్కోసారి కట్టడం కంటే ఎక్కువ కాలం పడుతుంది.

ఉచితంగా మాత్రం రాదు. ఆ జాబితా చూసే కేంద్ర సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్లు పని మొదలెట్టకముందు డ్రాయింగులు చూస్తారు, అయ్యాక ఫొటోలు చూస్తారు, అప్పుడే సర్టిఫికెట్ ఇస్తారు. భవనం విలువ కంటే ఎక్కువ ఖర్చు మరమ్మతుకి పెట్టాలి. అయిదేళ్లలోపు అమ్మితే తీసుకున్నదాంట్లో కొంత వెనక్కి కట్టాలి. 2017 చట్టం తర్వాత క్రెడిట్ కూడా ఒకేసారి రాదు, అయిదేళ్లకి పంచుతారు. కిటికీ ఫ్రేము మందం అరంగుళం మారినా ఉత్తరాలు నడుస్తాయి. చలవరాతి పలకలున్న వరండాలో గోడ జరపనివ్వరు. మిషిగన్ సొంతంగా ఇచ్చే క్రెడిట్‌ని 2011లో ఎత్తేసి, 2020లో చిన్న మొత్తంతో మళ్లీ తెచ్చారు. ఆ మధ్య తొమ్మిదేళ్లలో ఎన్ని చిన్న భవనాల ఫైళ్లు సొరుగుల్లో ఉండిపోయాయో నా కళ్లతో చూశాను. పెద్దవాళ్లు ఎలాగోలా లాక్కొచ్చారు, రెండంతస్తుల కొట్టు యజమానులే మునిగారు.

రెండో కారణం భవనం ఆకారం. ఇది జనం పట్టించుకోరు. 1920ల నాటి ఆఫీసు భవనాల్లో ఏసీలు లేవు, దీపాలు అంతంతమాత్రం. ప్రతి బల్లకీ కిటికీ వెలుగు అందాలి. అందుకని భవనాన్ని సన్నగా, ఇంగ్లీషు E అక్షరంలానో U అక్షరంలానో కట్టి, మధ్యలో ఆకాశానికి తెరిచిన ఖాళీ వదిలేవారు. మన మండువా లోగిలి లెక్కే, కాకపోతే పదిహేనంతస్తులు. వంద ఏళ్ల తర్వాత అదే వాటిని కాపాడింది. సన్నటి భవనాన్ని అపార్ట్‌మెంట్లుగా మారిస్తే ప్రతి పడకగదికీ కిటికీ వస్తుంది. 1970ల తర్వాతి టవర్లలో లిఫ్టు నుంచి కిటికీ దాకా నడుస్తూనే ఉండాలి, మధ్యలో అంతా చీకటి. వాటిని ఇళ్లుగా మార్చడం మహా కష్టం. 1926 నాటి బుక్ టవర్ 2009 నుంచి పూర్తిగా ఖాళీ. 2015లో గిల్బర్ట్ సంస్థ బెడ్‌రాక్ కొని, 30 కోట్ల డాలర్లకి పైగా పెట్టి 2023లో ఇళ్లుగా, హోటలుగా తెరిచింది. 38 అంతస్తుల భవనం అలా మారగలిగిందంటే లూయిస్ కాంపర్ అనే ఆయన ఏసీ లేని రోజుల్లో గీసిన ప్లానే కారణం.

ఇక సాంకేతికంగా నిజంగా ఏడిపించేవి రెండే: నీళ్లు, సిమెంటు.

నీళ్లు అందరికీ తెలుసు. పైకప్పులో చిల్లు పడితే, చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి వ్యాకోచిస్తుంది, వసంతంలో కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. లోపల స్టీలు ఫ్రేము తుప్పు పట్టి ఉబ్బి, బయట తొడిగిన టెర్రకోటని, అంటే కాల్చిన మట్టి పలకల్ని, తోస్తుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో సముద్రపు గాలికి స్లాబు కడ్డీ తుప్పు పట్టి పెచ్చులూడటం నాన్నగారు చూసే ఉంటారు. ఇదీ అదే రోగం. అందుకే నన్నెవరైనా "డబ్బులు లేవు, భవనం ఏం చెయ్యమంటారు" అని అడిగితే ఒకటే చెబుతాను: పైకప్పు మూయించు, నీటి గొట్టాలు శుభ్రం చేయించు, కిటికీలకి చెక్కలు కొట్టించి గాలాడేలా చిల్లులు పెట్టు, తాళం వేసి పో. ఏళ్ల తరబడి ఆగుతుంది.

సిమెంటు సంగతి చాలామందికి తెలీదు. నేను పనిచేసిన ఒక ఎనిమిదంతస్తుల ఇటుక భవనం, పేరు వద్దు. యజమానికి తొందర. మేము సున్నం ఎక్కువున్న మెత్తటి మసాలా రాసిస్తే, పని చేసినవాళ్లు ఇటుకల మధ్య పాత సున్నం గీకేసి గట్టి పోర్ట్‌లాండ్ సిమెంటుతో పాయింటింగ్ చేసేశారు. చూడ్డానికి గీత గీసినట్టు బ్రహ్మాండంగా ఉంది. రెండు చలికాలాలు గడిచాక పిలిచారు. క్రేను బుట్టలో అయిదో అంతస్తు దాకా వెళ్లి, ఒక ఇటుక మీద గోరుతో తట్టాను. ముఖం మొత్తం అప్పడంలా ఊడి చేతిలోకొచ్చింది. వెనక ఎర్రటి తడి పొడి. సిమెంటు గీతలు మాత్రం చెక్కుచెదరలేదు, ఇటుకలు లోపలికి పోయి, గీతలు తేనెపట్టు గోడల్లా బయటికి పొడుచుకుని నిలబడ్డాయి. గోడలో ఉన్న తడి, సున్నం గుండా బయటికి పోవాలి, సున్నం దారి మూసేస్తే ఇటుక గుండా పోతుంది, పోతూ పోతూ ఇటుకని చంపుతుంది. మన దగ్గర డంగు సున్నంతో కట్టిన గుళ్లకి, బంగళాలకి సిమెంటు పూసి "బాగుచేశాం" అంటారే, అక్కడా ఇదే జరుగుతుంది. ఆ మాట నాన్నగారికి చెప్పండి, ఒప్పుకుంటారు.

స్టేషన్ దగ్గరికి వస్తే, నిజాయితీగా ఒక సంగతి ఒప్పుకోవాలి. అక్కడ నాన్నగారి లెక్కే కరెక్టు. రియల్ ఎస్టేట్ లెక్కల్లో అది ఎప్పటికీ గిట్టుబాటయ్యే పని కాదు. పైగా అది డౌన్‌టౌన్‌లో కూడా లేదు, పడమటి పక్క కార్క్‌టౌన్‌లో ఉంది. 1988 జనవరిలో ఆఖరి రైలు వెళ్లిపోయింది. 2009లో నగర కౌన్సిలే కూల్చెయ్యమని తీర్మానం చేసింది. ఏవో కారణాలతో కూల్చలేదు, అదే అదృష్టం. 2018లో ఫోర్డ్ కంపెనీ 9 కోట్ల డాలర్లకి కొని, ఆరేళ్లు పనిచేసి 2024 జూన్‌లో తెరిచింది. ఆ ప్రాంగణం మొత్తం మీద పెట్టింది 90 కోట్ల డాలర్ల పైమాటే. ఆ డబ్బు అద్దెల్లో రాదు. కాలిఫోర్నియా వెళ్లిపోయే కుర్ర ఇంజినీర్లని ఇక్కడ ఆపాలని ఫోర్డ్ లెక్క, దాంతో పాటు ఇంటిపేరు మీద ఉన్న ప్రేమ.

కానీ మీరు తలెత్తి చూసిన ఆ హాలు కమాను గురించి చెప్పాలి. అది గుస్తావినో పద్ధతి. సన్నటి మట్టిపలకల్ని పొరలు పొరలుగా అతికి, కడ్డీ లేకుండా నిలబెట్టిన కప్పు. మన మద్రాసు మిద్దె వేరు, దానికి కింద దూలాలుంటాయి, దీనికి ఏమీ ఉండవు. 29,000 పలకలు. ముప్పై ఏళ్లు వానకి, మంచుకి తడిశాక మార్చాల్సి వచ్చినవి దాదాపు 1,300 మాత్రమే. మనం ఇప్పుడు వేసే స్లాబు పైన ఏ కాపూ లేకుండా ముప్పై చలికాలాలు నానితే ఎంత మిగులుతుందో నాన్నగారినే అడగండి. పోయిన రాతి భాగాల కోసం, మొదట రాయి తెచ్చిన ఇండియానాలోని మూతపడ్డ క్వారీనే మళ్లీ తెరిపించారు.

ఇదంతా విని "అయితే డెట్రాయిట్ బాగుపడింది" అనుకోకండి. ఊరు 139 చదరపు మైళ్లు, మనం మాట్లాడుతున్నది అందులో చిన్న ముక్క. ఆ ముక్కలో కూడా అందరూ మిగల్లేదు. కాపిటల్ పార్క్ దగ్గర గ్రిస్‌వోల్డ్ అనే భవనంలో ప్రభుత్వ సాయంతో అద్దెకుంటున్న ముసలివాళ్లకి 2013లో ఖాళీ చెయ్యమని నోటీసులొచ్చాయి. భవనం బాగుపడింది, పేరు మారింది, అద్దె మారింది, మనుషులూ మారారు. అలాంటి సంగతుల తర్వాతే 2016లో ఓటర్లు ఒక ఆర్డినెన్సు తెచ్చుకున్నారు: 7.5 కోట్ల డాలర్లు దాటిన ప్రాజెక్టు ప్రజల సొమ్ములో సాయం అడిగితే, చుట్టుపక్కల నివాసులతో కూర్చుని వాళ్లకేం ఇస్తారో మాట్లాడుకోవాలి. ఆ మీటింగులకి రెండుసార్లు వెళ్లాను. ఆకుకి అందని పోకకి పొందని మాటలే ఎక్కువ. అయినా లేకపోవడం కంటే నయం. ఇందులో మన వంతూ ఉంది. ఊళ్లో అడిగితే "డెట్రాయిట్‌లో ఉంటాం" అంటాం, తీరా చూస్తే అడ్రసు నోవై, ట్రాయ్, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్. నగరపు పన్నూ కట్టం, అక్కడ బడికీ పంపం. బంధువులొస్తే చూపించడానికి మాత్రం వెళతాం. నేనూ అంతే, తప్పు పట్టడం లేదు.

అబిడ్స్, కోఠీ సంగతి. మొజంజాహీ మార్కెట్ చూడండి, 1935 నాటి నల్లరాతి కట్టడం. రేకులు, బోర్డులు పీకేసి, మసి కడిగి, 2020లో కొత్తగా తెరిచారు. పళ్ల కొట్లు, ఐస్‌క్రీం కొట్లు అక్కడే ఉన్నాయి. అలా ఉండనివ్వడమే అందులో గొప్ప సంగతి. కానీ అది సర్కారు ఆస్తి, సర్కారు సొమ్ము. పక్క సందులో నలుగురు అన్నదమ్ముల వారసులు పద్నాలుగు మంది పంచుకోవాల్సిన రెండంతస్తుల మేడ ఉంటుంది. కింద కొట్టువాడు ఎప్పటిదో అద్దె కడుతుంటాడు. దాన్ని సున్నంతో బాగుచేసినవాడికి ఇక్కడిలా ఇన్‌కంటాక్సులో 20 శాతం తగ్గదు. కూల్చి అయిదంతస్తులు లేపితే డెవలపర్ సగం ఫ్లాట్లు ఇస్తాడు. ఇంకెవరు ఆగుతారు? పైగా హైదరాబాద్‌లో డెట్రాయిట్ జబ్బుకి తిరగేసిన జబ్బు. ఇక్కడ అద్దె ఇచ్చేవాడు లేక భవనాలు పోయాయి, అక్కడ భూమి విలువ మరీ ఎక్కువై పోతున్నాయి. కాబట్టి ఇక్కడి మందు అక్కడ నేరుగా పనిచెయ్యదు. కట్టుకునే హక్కుని వేరేచోట అమ్ముకోనిచ్చే టీడీఆర్ లాంటిది, రోడ్డు వెడల్పులో స్థలం ఇచ్చినవాళ్లకి ఇస్తున్నట్టు, పాత మేడ నిలబెట్టినవాడికి కూడా చేతికందేలా ఇస్తే కొంత పని జరగొచ్చు.

నాన్నగారు వెళ్లేలోపు ఇంకోసారి తీసుకెళ్లండి, ఈసారి స్టేషన్‌కి ముందు డౌన్‌టౌన్‌లోనే. ఆదివారం పొద్దున కారు ఒకచోట పెట్టి నడవండి. కాంపస్ మార్షియస్ నుంచి ఉడ్‌వర్డ్ మీద రెండు నిమిషాలు నడిస్తే కొత్త హడ్సన్స్ టవరు. మెడ వెనక్కి వాల్చకుండా, కింది అంతస్తులో వీధిలోకి ఎన్ని తలుపులు తెరుచుకుంటున్నాయో లెక్కపెట్టమనండి. తర్వాత గ్రిస్‌వోల్డ్ వీధిలో గార్డియన్ భవనం. 1929 నాటిది. లోపల రంగు పలకల పని చూస్తే అమ్మగారు కూడా ఆగిపోతారు. మామూలు రోజుల్లో లాబీ దాకా వెళ్లనిస్తారు, ఆదివారం తలుపు తీసి ఉందో లేదో ముందు చూసుకోండి.

ఆఖరికి స్టేషన్. లోపల మరమ్మతు చేసినవాళ్లు కొన్నిచోట్ల పాత గ్రాఫిటీని తుడవకుండా అలాగే వదిలారు. ఖాళీగా ఉన్న ముప్పై ఏళ్లలో ఎవరో కుర్రాళ్లు దూరి గీసినవి. ఇంకో సంగతి, అక్కడి నుంచి ఎప్పుడో పోయిన గడియారం ఒకటి, ఫోర్డ్ కొన్న వార్త రాగానే తిరిగొచ్చింది. ఎవరో పేరు చెప్పకుండా మ్యూజియానికి ఫోన్ చేసి, ఫలానా పాడుబడ్డ భవనానికి ఆనించి పెట్టాం, తీసుకెళ్లండని చెప్పారు. ఎత్తుకెళ్లినవాడో, కొన్నవాడో, ఇన్నేళ్లూ గోడకి పెట్టుకుని దాచినవాడో తెలీదు. ఆ కథ చెప్పి, నాన్నగారు ఏమన్నారో ఇక్కడ రాయండి.